కాలనీలో కొత్త స్కూల్.. గేటు ముందు రోజూ అదే గొడవ! తప్పు పేరెంట్స్‌దా? పర్మిషన్‌దా?

ఉదయం 8 గంటలు. పశ్చిమ హైదరాబాద్‌లో ఏ కొత్త కాలనీకి వెళ్లినా సీన్ ఒక్కటే. నార్సింగి, మణికొండ, పుప్పాలగూడ, తెల్లాపూర్, నల్లగండ్ల.. పేరు మారుతుంది, అంతే. నిన్నటిదాకా పాల ప్యాకెట్ల బండి, వాకింగ్‌కు వెళ్లే పెద్దాయన తప్ప ఎవరూ కనపడని వీధిలో ఒక్కసారిగా కార్లు బారులు తీరతాయి. వాటి మధ్యలోంచి స్కూటీలు. ఎదురుగా ఓ పసుపు బస్సు. అది వెనక్కి పోలేదు, ముందుకు రాలేదు.

"భయ్యా, జర బండి ముందుకు తియ్యరాదూ? మా కారు బయటికి రావాలె" అంటాడు ఇంటి ఓనర్. "రెండే నిమిషాలు అంకుల్.. బాబును దింపేసి వచ్చేస్తా" అంటాడు కారులో ఉన్నాయన. ఆ రెండు నిమిషాలు ఐదవుతాయి. వెనక హారన్లు మొదలవుతాయి. స్కూల్ వాచ్‌మన్ విజిల్ ఊదుతాడు కానీ ఆయన మాట ఎవరూ వినరు.

కొత్త స్కూల్ తెరిచిన మొదటి వారంలో ఇది మామూలే, మెల్లగా సర్దుకుంటుందిలే అనుకుంటారు కాలనీవాసులు. సర్దుకోదు. రెండో ఏడాది ఇంకో రెండు తరగతులు పెరుగుతాయి. మూడో ఏడాదికి వాట్సాప్ గ్రూపుల్లో స్కూల్ మీద ఫొటోలు, వీడియోలు, ఫిర్యాదులు. పేరెంట్స్ గ్రూపులో మాత్రం కాలనీవాళ్ల మీద ఫిర్యాదులు. ఇద్దరూ కలిసి తిట్టేది ట్రాఫిక్ పోలీసుల్ని!

మరి అసలు తప్పు ఎక్కడ జరిగింది? గేటు దగ్గర కానిస్టేబుల్ లేకపోవడం వల్లనా? పేరెంట్స్‌కు క్రమశిక్షణ లేకనా? రెండూ కొంత నిజమే. కానీ అసలు సంగతి అంతకు ఏడాది, రెండేళ్ల ముందే తేలిపోయింది. ఏ రోడ్డు మీద, ఎంత స్థలంలో, ఎంతమంది పిల్లలతో ఈ స్కూల్ నడవొచ్చు అని ఫైల్ మీద సంతకం పడిన రోజున!

ఓ చిన్న లెక్క

మాటలు పక్కన పెట్టి ఓ లెక్క వేసి చూద్దాం. ఇది ఏ ఒక్క స్కూల్ లెక్కా కాదు, అర్థం కావడానికి ఓ ఉదాహరణ.

1,200 మంది పిల్లలున్న స్కూల్ అనుకుందాం. సగం మంది బస్సుల్లో, వ్యాన్లలో, ఆటోల్లో, నడిచి వస్తారు. మిగతా 600 మందిని ఇంట్లోవాళ్లే దింపుతారు. అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లను తీసేస్తే సుమారు 500 బండ్లు. అందులో 300 బైకులు, స్కూటీలు. 200 కార్లు. బైకుల సంగతి వదిలేద్దాం, ఎలాగోలా దూరిపోతాయి. ఈ 200 కార్లూ బెల్ కొట్టే ముందు 20 నిమిషాల్లోనే వస్తాయి. అంటే నిమిషానికి 10. ప్రతి 6 సెకన్లకో కారు!

పిల్లాడు దిగడానికి, బ్యాగు, లంచ్ బాక్సు, వాటర్ బాటిల్ అందుకోవడానికి, "బై నాన్నా" చెప్పడానికి ఓ నిమిషం పడుతుంది. అలా చూస్తే ఏ క్షణంలోనైనా గేటు ముందు 10 కార్లు ఆగి ఉంటాయి. ఒక్కో కారుకు ముందూ వెనకా ఖాళీతో కలిపి 6 మీటర్లు. మొత్తం 60 మీటర్లు. పర్లేదు, భరించొచ్చు.

కానీ అదే తండ్రి కారు పక్కన పెట్టి, చిన్నపిల్ల కదా అని క్లాసు గుమ్మం దాకా వెళ్లి వస్తే? ఒక్కో కారుకు 3 నిమిషాలు. అప్పుడు 30 కార్లు, 180 మీటర్లు. వచ్చిన కార్లు అవే 200, పెరిగింది ఆగిన టైమ్ మాత్రమే. అందుకే కార్ల సంఖ్య కన్నా ఒక్కో కారు ఎంతసేపు ఆగుతోంది అన్నదే ముఖ్యం. ఈ చిన్న విషయం చాలా స్కూళ్ల సర్క్యులర్లలో కనపడదు. "దయచేసి ట్రాఫిక్ నిబంధనలు పాటించండి" అని ఓ లైను రాసి చేతులు దులుపుకుంటారు.

అసలు సినిమా సాయంత్రం ఉంటుంది. ఉదయం వచ్చినవాళ్లు దింపి వెళ్లిపోతారు. సాయంత్రం మాత్రం బెల్‌కు పావుగంట ముందే వచ్చి కూర్చుంటారు. ముందొస్తేనే గేటు దగ్గర చోటు దొరుకుతుందని అందరికీ తెలుసు కాబట్టి అందరూ ముందే వస్తారు! సగం మంది, అంటే 100 కార్లు ఒకేసారి ఆగి ఉంటే 600 మీటర్లు. రోడ్డుకు రెండు వైపులా పెట్టినా, ఒక్కో వైపు 300 మీటర్లు. ఏసీ కోసం ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది. ఆ పొగ పక్కింటి వంటింట్లోకి వెళ్తుంది.

ఇక రోడ్డు. కాగితం మీద అది 40 అడుగుల రోడ్డు, అంటే సుమారు 12 మీటర్లు. ఇళ్ల ముందు ర్యాంపులు, పూలకుండీలు, ట్రాన్స్‌ఫార్మర్, ఎప్పుడో పోసి వదిలేసిన ఇసుక కుప్ప అన్నీ తీసేస్తే బండ్లు తిరగడానికి మిగిలేది ఓ 7 మీటర్లు. రెండు వైపులా కార్లు ఆగితే ఇంకో మూడున్నర మీటర్లు పోతుంది. మిగిలిన మూడున్నర మీటర్లలో స్కూల్ బస్సు వెళ్లాలి. అంబులెన్స్ వెళ్లాలి. ఫైరింజన్ కూడా వెళ్లాలి. ఎదురుగా ఒక్క కారు వస్తే చాలు, అంతా బంద్.

పక్కనే స్కూల్.. పిల్లలు మాత్రం పది కిలోమీటర్ల నుంచి!

ఇంత ట్రాఫిక్ ఎందుకొస్తోంది? కాలనీలో స్కూల్ అంటే కాలనీ పిల్లలే కదా, నడిచి రావొచ్చు కదా? అక్కడే ఉంది తిరకాసు.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఇంటికి దగ్గర్లోనే బడి ఉండాలన్నది ఆ చట్టం ఆలోచన. ఉమ్మడి ఏపీలో చేసిన నిబంధనల ప్రకారం 1 నుంచి 5 తరగతుల పిల్లలకు కిలోమీటరు లోపు, 6 నుంచి 8 తరగతుల వాళ్లకు 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలి. ఆ దూరం నడక దూరం. అంటే బండి అవసరమే లేని దూరం!

కానీ ప్రైవేట్ స్కూళ్లలో సీటు దూరాన్ని బట్టి రాదు. బ్రాండ్‌ను బట్టి, సిలబస్‌ను బట్టి, ఫీజును బట్టి వస్తుంది. కొండాపూర్‌లో ఉన్నవాళ్లు కోకాపేటలో చేర్పిస్తారు. కోకాపేటలో ఉన్నవాళ్లు గచ్చిబౌలిలో చేర్పిస్తారు. పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా వచ్చి ఓఆర్‌ఆర్ సర్వీస్ రోడ్డు మీద ఇరుక్కుంటారు. ఇది జోక్ కాదు, రోజూ జరుగుతున్నదే.

బస్సు ఉంది కదా అంటారా? ఉంది. కానీ బస్సు ఫీజు వేరే కట్టాలి. పైగా మొదటి స్టాప్‌లో ఎక్కే పిల్లాడు గంట ముందే లేవాలి. అరగంట అదనంగా నిద్ర పోనిద్దాం అనుకుంటుంది తల్లి. తప్పు పట్టలేం. ఒక ఇంటికి అది సరైన నిర్ణయమే. 200 ఇళ్లు అదే నిర్ణయం తీసుకుంటే వీధి బ్లాక్ అవుతుంది. 40 మంది పిల్లలున్న బస్సు గేటు ముందు ఓ 10 మీటర్లు తీసుకుంటుంది. అదే 40 మంది 30 కార్లలో వస్తే 180 మీటర్లు కావాలి. బస్సును ఎదిరించగల లెక్క ఏదీ లేదు. అయినా చాలా స్కూళ్లు బస్సును ఓ సదుపాయంగా చూస్తాయే తప్ప, కాలనీకి తాము చేయాల్సిన బాధ్యతగా చూడవు.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

తెలంగాణలో భవనాలకు అనుమతులు ఇవ్వడంలో కీలకమైనది జీవో 168. 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన బిల్డింగ్ రూల్స్ ఇవి. తర్వాత సవరణలు చాలా జరిగాయి. ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఎలాంటి భవనం కట్టొచ్చో ఇందులో ఉంటుంది. పార్కింగ్‌కు ఎంత వదలాలో కూడా ఉంటుంది.

అయితే ఇక్కడో చిక్కు ఉంది. పార్కింగ్ లెక్క కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం అని ఉంటుంది. అంటే నిలబడి ఉండే బండ్ల లెక్క అది. టీచర్ల కార్లు, ఆఫీసుకు వచ్చినవాళ్ల బండ్లు సరిపోవచ్చు. కానీ స్కూల్ సమస్య నిలబడే బండ్లు కాదు కదా! 20 నిమిషాల్లో వచ్చి పోయే బండ్లు. షాపింగ్ మాల్‌కు జనం రోజంతా వస్తారు. ఆఫీసుకు రెండు గంటల్లో వస్తారు. స్కూల్‌కు మాత్రం అందరూ ఒకే బెల్ టైమ్‌కు వస్తారు. పిల్లల్ని దింపడానికి కాంపౌండ్ లోపల ఎన్ని మీటర్ల దారి ఉండాలి? ఓ గేటులోంచి వచ్చి ఇంకో గేటులోంచి పోయే ఏర్పాటు ఉందా? ఈ రెండు ప్రశ్నలకు ఫైల్‌లో జవాబు ఉంటే వీధిలో సగం గొడవ ఉండదు.

పైగా కాలనీల్లో చాలా స్కూళ్లు స్కూల్ కోసం కట్టిన భవనాల్లో లేవు. అపార్టుమెంట్‌గా కట్టిందో, ఫంక్షన్ హాల్‌గా కట్టిందో లీజుకు తీసుకుని బోర్డు మారుస్తారు. మొదట ప్లే స్కూల్, తర్వాత ప్రైమరీ, ఆ తర్వాత హైస్కూల్. పిల్లలు 80 నుంచి 800 అవుతారు, రోడ్డు మాత్రం అదే. కొన్నిచోట్ల పార్కింగ్‌కు చూపించిన సెల్లార్‌లో డాన్స్ క్లాసులు, స్కేటింగ్ నడుస్తాయి. విజయవాడ, గుంటూరు, విశాఖల్లోనూ ఇరుకు సందుల్లో నాలుగైదు అంతస్తుల్లో నడిచే స్కూళ్లకు కొదవ లేదు.

ఇక స్కూల్ నడపడానికి ఇచ్చే గుర్తింపు వేరే కథ. అది విద్యాశాఖ చేతిలో ఉంటుంది. దానికి ఆధారం 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1. బిల్డింగ్ మున్సిపాలిటీ చూస్తుంది, బడి విద్యాశాఖ చూస్తుంది, బస్సు ఫిట్‌నెస్ రవాణాశాఖ చూస్తుంది, రోడ్డు మీద జామ్ ట్రాఫిక్ పోలీసులు చూస్తారు. నలుగురూ ఒక టేబుల్ దగ్గర కూర్చునే రోజు మాత్రం రాదు. ఏదైనా ఘోరం జరిగితే తప్ప!

గేటు ముందు పార్కింగ్ విషయంలో మాత్రం చట్టం స్పష్టంగానే ఉంది. 1989 నాటి కేంద్ర రోడ్డు నిబంధనల్లోనే స్కూల్, ఆసుపత్రి ప్రవేశ ద్వారాల దగ్గర, ఎవరి ఇంటి గేటుకైనా అడ్డంగా బండి నిలపకూడదని రాశారు. శబ్దం సంగతి ఇంకా విచిత్రం. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం విద్యాసంస్థ చుట్టూ కనీసం 100 మీటర్లు సైలెన్స్ జోన్‌గా ప్రకటించవచ్చు. అక్కడ పగటిపూట పరిమితి 50 డెసిబెల్స్. మామూలు నివాస ప్రాంతంలో 55. అంటే స్కూల్ వచ్చాక వీధి మునుపటికన్నా నిశ్శబ్దంగా ఉండాలి అన్నమాట! స్కూల్ దగ్గర్లో ఉండే ఎవరికైనా ఈ మాట చెప్పి చూడండి, ఎలా నవ్వుతారో.

పక్కింటివాళ్ల గోడు

కాలనీవాసుల ఇబ్బంది ట్రాఫిక్ ఒక్కటే కాదు. డయాలసిస్‌కు వెళ్లాల్సిన పెద్దావిడ ఉన్న ఇంటికి ఉదయం 8 నుంచి 9 మధ్య అంబులెన్స్ రాలేదన్న భయం ఉంటుంది. నైట్ షిఫ్ట్ చేసి వచ్చి పడుకున్నవాళ్లకు అసెంబ్లీ మైకు. డిసెంబర్, జనవరి వస్తే యాన్యువల్ డే రిహార్సల్స్, ఒకే పాట ఇరవై రోజులు. వీధి చివర చెత్త బండి రావాల్సిన టైమ్ కూడా అదే కాబట్టి, అది వెనక్కి తిరిగి వెళ్లిపోతుంది. ఇవి చిన్నవిగా కనపడొచ్చు. ఏడాదిలో 200 రోజులకు పైగా, రోజుకు రెండుసార్లు జరిగితే చిన్నవి కావు.

ఇంకోటి ఉంది. పెద్ద తరగతుల పిల్లలు లైసెన్స్ లేకుండానే స్కూటీల మీద వస్తారు. స్కూల్ లోపలికి రానివ్వదు. ఎందుకంటే మైనర్లు బండి నడుపుతున్నారని స్కూల్‌కు తెలిసినట్టు అవుతుంది. అందుకని రెండు వీధుల అవతల ఎవరింటి గోడ పక్కనో పెట్టేసి నడిచి వెళ్తారు. "మా స్కూల్ పిల్లలవి కావు" అంటుంది యాజమాన్యం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు, ఓనర్‌కు 3 ఏళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. 25 ఏళ్లు వచ్చేదాకా ఆ పిల్లాడికి లైసెన్స్ రాదు. ఈ సంగతి తెలిసిన పేరెంట్స్ ఎంతమంది ఉన్నారో స్కూళ్లే అడిగి చూడాలి.

కాలనీవాళ్లు మొత్తం అమాయకులని కాదు. స్కూల్ వచ్చాక అద్దెలు పెంచింది వాళ్లే. "ఇంటర్నేషనల్ స్కూల్‌కు 2 నిమిషాల నడక" అని టు-లెట్ బోర్డులో రాసింది వాళ్లే. రోడ్డు మీదికి మూడడుగులు ర్యాంపు వేసి, ఇంట్లో పార్కింగ్‌ను అద్దెకిచ్చి, సొంత కారు రోడ్డు మీద పెట్టేదీ వాళ్లే. ఆ కారు పక్కన స్కూల్ పేరెంట్ ఆగితే మాత్రం వీడియో!

కోపంలో వాళ్లు చేసే పరిష్కారాలు ఒక్కోసారి ఇంకా ప్రమాదం. ఓ సిమెంట్ బస్తా తెచ్చి రాత్రికి రాత్రి స్పీడ్ బ్రేకర్ పోసేస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం మామూలు ట్రాఫిక్ ఉన్న చోట స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. బండి 25 కిలోమీటర్ల వేగంతో కుదుపు లేకుండా దాటేలా. కాలనీవాళ్లు పోసేది రెండడుగుల వెడల్పు, అరచేయంత ఎత్తు. స్కూటీ మీద వెనక కూర్చున్న చిన్నపిల్ల ఎగిరి పడుతుంది. మరికొన్ని చోట్ల కాలనీకి గేటు పెట్టి తాళం వేస్తారు. ట్రాఫిక్ పక్క వీధిలోకి పోతుంది. ఆ వీధివాళ్లు ఇంకో గేటు పెడతారు.

టైమింగ్ మార్చితే పోతుందా?

ట్రాఫిక్ పోలీసులు ఎప్పుడూ చెప్పే మొదటి మాట.. "టైమింగ్స్ మార్చండి". బెంగళూరులో 2023లో కర్ణాటక హైకోర్టు సూచనతో స్కూల్ టైమింగ్స్ మార్పుపై ప్రభుత్వం యాజమాన్యాలు, పేరెంట్స్‌తో మాట్లాడింది. వాళ్లు ఒప్పుకోలేదు. ఇంకా పొద్దున్నే లేపాలా, పిల్లలకు నిద్ర సరిపోదు అన్నది వాళ్ల అభ్యంతరం. అందులో న్యాయం ఉంది. నగరం మొత్తానికి ఒక టైమ్ మార్చితే జామ్ ఓ గంట ముందుకు జరుగుతుందంతే.

అదే ఒక స్కూల్ లోపల తరగతులను విడగొడితే లెక్క మారుతుంది. పైన చెప్పిన 200 కార్లను మూడు బ్యాచ్‌లుగా 20 నిమిషాల తేడాతో పిలిస్తే, నిమిషానికి 10 కార్లు కాస్తా మూడో నాలుగో అవుతాయి. గేటు ముందు 60 మీటర్ల బదులు 20 మీటర్లు చాలు. ఒక్క రూపాయి ఖర్చు లేదు. రోడ్డు వెడల్పు చేయక్కర్లేదు. కాకపోతే ఒకే ఇంట్లో యూకేజీ పాప, ఏడో తరగతి బాబు ఉంటే తల్లి రెండుసార్లు రావాలి. దానికి స్కూల్ లోపల ముందొచ్చిన పిల్లాడిని కూర్చోబెట్టే ఏర్పాటు చేయాలి. అంటే ఓ గది, ఓ టీచర్. చాలా స్కూళ్లు వెనకాడేది ఇక్కడే. వాళ్ల ఖర్చు మిగులుతుంది, ఆ భారం వీధి మీద పడుతుంది.

పోలీసుల వైపు నుంచి చేయగలిగింది కూడా కొంతే. హైదరాబాద్‌లో 2022 అక్టోబర్‌లో ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు. అడ్డగోలు పార్కింగ్, ఆక్రమణలు తొలగించడం దాని పని. మెయిన్ రోడ్లకు అది సరిపోతుంది. ప్రతి కాలనీ స్కూల్ గేటు దగ్గర రోజూ రెండు పూటలా ఒక కానిస్టేబుల్‌ను పెట్టడం మాత్రం ఏ కమిషనరేట్‌కూ సాధ్యం కాదు.

బయట ఎలా చేశారు?

ఇటలీలోని బోల్జానో అనే ఊళ్లో 1989లోనే స్కూల్ ముందున్న వీధిని, పిల్లలు వచ్చే పోయే టైమ్‌లో కాసేపు బండ్లకు మూసేయడం మొదలుపెట్టారు. ఆ వీధిలో ఇల్లున్నవాళ్లకు, అంబులెన్స్‌లకు మినహాయింపు. ఇప్పుడు లండన్, ప్యారిస్‌లలో ఇలాంటి స్కూల్ వీధులు వందల్లో ఉన్నాయి. జపాన్‌లో అయితే చిన్నపిల్లలు గుంపుగా నడిచే బడికి వెళ్తారు. బడికి వెళ్లే దారిని ముందే గుర్తించి, ఆ టైమ్‌లో కొన్ని వీధుల్లోకి కార్లు రానివ్వరు. మన దేశంలోనే ముంబై బైకుల్లాలో ఓ స్కూల్ ముందు రంగులు, బారికేడ్లతో పిల్లలు నడవడానికి, ఆగడానికి విడిగా చోటు చేసి చూశారు.

ఇవన్నీ ఇక్కడ కుదురుతాయా అంటే.. కొంత కుదురుతుంది. 300 మీటర్ల అవతల ఖాళీ స్థలంలోనో, ఫంక్షన్ హాల్ పార్కింగ్‌లోనో కార్లు ఆపి, అక్కడి నుంచి పిల్లల్ని ఆయాలతో, టీచర్లతో గుంపుగా నడిపించొచ్చు. పొద్దున పూట ఫంక్షన్ హాల్స్ ఖాళీగానే ఉంటాయి కూడా. కానీ మన ఎండను మరిచిపోతే ఎలా? తెలంగాణలో మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు. మధ్యాహ్నం 12:30కు వదులుతారు. ఆ ఎండలో యూకేజీ పిల్లల్ని 300 మీటర్లు నడిపించాలంటే దారిలో నీడ ఉండాలి. చెట్లు కొట్టేసి కట్టిన కాలనీలో నీడ ఎక్కడిది? షేడ్ నెట్ అయినా కట్టాలి. ఒంటిపూట రోజుల్లో గేటు ముందు గొడవ రెట్టింపు అవ్వడానికి కారణం కూడా ఇదే, ఎండలో పిల్లాడు ఒక్క అడుగు నడవకూడదని ప్రతి కారూ గేటు దాకా రావాలనుకుంటుంది.

అందరికన్నా ఎక్కువ రిస్క్ ఎవరికి?

ఈ గొడవలో గొంతు వినపడేది రెండు వర్గాలదే. కారులో వచ్చే పేరెంట్, కారు బయటికి తీయలేని ఇంటి ఓనర్. మూడో వర్గం కనపడదు. అదే వీధిలో అద్దెకుండే వాచ్‌మన్ కూతురు, పక్క బస్తీ నుంచి ప్రభుత్వ బడికి నడిచి వెళ్లే పిల్లాడు, సైకిల్ మీద వచ్చే ఎనిమిదో తరగతి కుర్రాడు. ఫుట్‌పాత్ లేదు. ఉన్నచోట బైకులు ఎక్కించేస్తారు. ఆగిన కార్ల మధ్యలోంచి రోడ్డు మీదికి రావాలి. రివర్స్ తీస్తున్న ఎస్‌యూవీ డ్రైవర్‌కు మూడున్నర అడుగుల పిల్లాడు అద్దంలో కనపడడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ఒకటుంది. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుంది. 2020లో స్టాక్‌హోమ్ డిక్లరేషన్‌లో ప్రపంచ దేశాలు కోరింది కూడా ఇదే, మనుషులు, బండ్లు కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని. బెల్ టైమ్‌లో జామ్ వల్ల వేగం ఎలాగూ ఉండదు. ప్రమాదం జామ్ విడిపోయిన మరు క్షణంలో ఉంటుంది. ఆఫీసుకు లేటైన తండ్రి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కేది అప్పుడే. లేటుగా వచ్చిన పిల్లాడు పరిగెత్తేదీ అప్పుడే.

విచిత్రం ఏంటంటే, ఆ భయంతోనే స్కూల్ పక్క వీధిలో ఉన్నవాళ్లు కూడా పిల్లల్ని కారులో తీసుకొస్తారు. అరకిలోమీటరు దూరానికి! కార్లు ఎక్కువయ్యాయని నడవరు, నడవరని కార్లు ఎక్కువవుతాయి.

అడగాల్సింది ఎప్పుడు? ఎవర్ని?

స్కూల్ నడుస్తుండగా దాన్ని మూయించడం కాలనీ వల్ల కాదు, ఆ అవసరమూ లేదు. వందల మంది పిల్లల చదువు అది. ఏ అధికారీ విద్యా సంవత్సరం మధ్యలో తాళం వేయడు. ఆ సంగతి యాజమాన్యాలకూ తెలుసు. కాలనీకి బలం ఉండేది స్కూల్ తెరవక ముందే.

వీధిలో పునాది తవ్వుతున్నప్పుడో, పాత భవనానికి స్కూల్ రంగులు వేస్తున్నప్పుడో అడగాలి. ప్లాన్ ఏ అవసరం కోసం అప్రూవ్ అయింది? ఎన్ని తరగతులకు, ఎంతమందికి గుర్తింపు అడిగారు? లోపల కార్లు తిరిగే దారి ఎంత? బస్సులు లోపల ఆగుతాయా, రోడ్డు మీదా? ట్రాఫిక్ పోలీసుల అభిప్రాయం ఫైల్‌లో ఉందా? సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. ఏపీలో అయితే సోమవారం గ్రీవెన్స్ ఉంది. సమాచార హక్కు చట్టం కింద మున్సిపాలిటీని, విద్యాశాఖను విడివిడిగా అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇప్పటికే తెరిచేసిన స్కూల్ అయితే పట్టుబట్టాల్సింది తరగతుల వారీ టైమింగ్స్ మీద, ఒక్క వైపే కార్లు ఆపే రూల్ మీద, సాయంత్రం ముందొచ్చిన కార్లను లోపలికి రానివ్వడం మీద. ప్లే గ్రౌండ్‌లో 40 కార్లు పావుగంట ఆగితే గ్రౌండ్‌కు ఏమీ కాదు. "పిల్లల సేఫ్టీ" అని స్కూల్ అభ్యంతరం చెబుతుంది. అదే పిల్లలు ఇప్పుడు ఆ కార్ల మధ్య రోడ్డు మీద నడుస్తున్నారు కదా అన్నది దానికి జవాబు. బస్సు ఫీజును ట్యూషన్ ఫీజులో కలిపేసి, వాడినా వాడకపోయినా ఒకటే అంటే కార్లు తగ్గుతాయా? తగ్గొచ్చు. కానీ నడిచి వచ్చే పిల్లాడి మీద కూడా ఆ భారం పడుతుంది. దీని మీద పేరెంట్స్ కమిటీలోనే తేల్చుకోవాలి, కాలనీ చెప్పేది కాదు.

తెలుగు రాష్ట్రాల్లో వేసవి సెలవుల తర్వాత బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. ఆర్టీఐకి 30 రోజులు, దాని మీద అర్జీకి ఇంకో నెల అనుకుంటే, ఏప్రిల్ మొదటి వారానికల్లా దరఖాస్తు పడాలి. "అడ్మిషన్స్ ఓపెన్" బ్యానర్ మాత్రం వీధి మొదట్లో సంక్రాంతికి ముందే కడతారు.